డిజిటల్ పియానోను మిక్సర్‌కు, మరో కీబోర్డుకు, ల్యాప్‌టాప్‌కు కలపడం: సమగ్ర మార్గదర్శి

నెల్లూరు, ఒంగోలు వైపు డిజిటల్ పియానో కొన్నవారిలో చాలామంది మొదట్లో దాన్ని ఇంట్లో పెట్టుకుని, దాని సొంత స్పీకర్లతోనే వాయించుకుంటారు. ప్రార్థన మందిరంలో క్రిస్మస్ కార్యక్రమమో, పాఠశాల వార్షికోత్సవమో, బంధువుల ఇంట సంగీత్ వేడుకో వచ్చినప్పుడు గాని దాన్ని ఇంకొక పరికరానికి కలపవలసిన అవసరం రాదు. అప్పుడు మైక్‌సెట్టు కుర్రవాడు చేతికందిన వైరు తీసి, అది పట్టిన రంధ్రంలో పెడతాడు. ధ్వని సరిగా రాకపోతే పియానోలోనే ఏదో లోపముందని అందరూ తేల్చేస్తారు. అటువంటి సందర్భాల్లో లోపం చాలావరకు పియానోలో కాక వైరు ఎంపికలో ఉంటుంది కనుక, ఏ వైరులో ఏది ప్రయాణిస్తుందో ముందుగా తెలుసుకోవడం మంచిది.

డిజిటల్ పియానో నుంచి బయటికి వెళ్లేవి రెండే రెండు. మొదటిది ధ్వని, అంటే స్పీకరుకు లేదా హెడ్‌ఫోన్‌కు వెళ్లే విద్యుత్ తరంగం. రెండవది మిడి సందేశం. ఏ మీట నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, పెడల్ మీద కాలు ఉందా లేదా అన్న వివరాలే అందులో ఉంటాయి తప్ప ధ్వని ఉండదు. స్వరలిపి రాసిన కాగితం పాట కానట్టే, మిడి కూడా పాట కాదు. దాన్ని చదివి పలికించే పరికరం ఇంకొకటి కావాలి. మిడి కేబుల్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపి మోత రావడం లేదని విసుక్కోవడం గాని, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ల్యాప్‌టాప్‌కు వైరు లాగి స్వరాలు కాగితం మీద ఎందుకు పడటం లేదని ఆశ్చర్యపోవడం గాని ఈ తేడా తెలియనందువల్లనే జరుగుతాయి.

మొదటి అడుగు: పియానో వెనుక భాగాన్ని చదవడం

ఏ వైరూ కొనకముందు పియానో వెనుక ఉన్న రంధ్రాలన్నింటినీ, వాటి పక్కన అచ్చువేసిన పేర్లతో సహా, ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. దుకాణంలో ఆ ఫొటో చూపిస్తే సగం గందరగోళం అక్కడే తీరుతుంది. పెద్ద హెడ్‌ఫోన్ జాక్, అంటే 6.35 మిల్లీమీటర్లది, మన దుకాణాల్లో పీ-38 అన్న పేరుతో దొరుకుతుంది. ఫోన్లకు వాడే 3.5 మిల్లీమీటర్ల చిన్న జాక్‌ను ఈపీ అని, మైకు వైరుకుండే మూడు పిన్నుల గుండ్రని కనెక్టరును కానన్ పిన్ అని అడగాలి. పీ-38లోనూ, ఈపీలోనూ మోనో, స్టీరియో రకాలు వేరువేరుగా ఉంటాయి. లోహపు కొన మీద ఒక నల్లగీత ఉంటే మోనో, రెండు ఉంటే స్టీరియో.

పియానో మీద లైన్ అవుట్ లేదా ఆక్స్ అవుట్ అని రెండు రంధ్రాలు ఉంటే పని చాలా సులువవుతుంది. యమహా పీ-45 వంటి ప్రారంభ మోడళ్లలో అవి ఉండవు. ఒక్క హెడ్‌ఫోన్ రంధ్రం, ఒక పెడల్ రంధ్రం, ఒక యూఎస్‌బీ మాత్రమే ఉంటాయి. అటువంటప్పుడు ధ్వని అంతా హెడ్‌ఫోన్ రంధ్రం నుంచే తీసుకోవాలి. అది తప్పేమీ కాదు గాని, అక్కడ జాక్ పెట్టగానే పియానో సొంత స్పీకర్లు ఆగిపోతాయి కాబట్టి వాయించేవారికి తమ ధ్వని వినిపించేలా వేదిక మీద ఒక మానిటర్ స్పీకరును మిక్సర్ నుంచి ముందే ఏర్పాటు చేసుకోవాలి.

యూఎస్‌బీ రంధ్రాలు రెండు రకాలు. చతురస్రంగా ఉండి, టు హోస్ట్ అని రాసి ఉన్నది కంప్యూటరుకు కలపడానికి. ప్రింటరుకు వాడే కేబులే దీనికీ సరిపోతుంది. పలచగా, పొడవుగా ఉండి, టు డివైస్ అని రాసి ఉన్నది పెన్‌డ్రైవు కోసం. దీన్ని ల్యాప్‌టాప్‌కు కలపడానికి ప్రయత్నించి ఉపయోగం లేదు. కొత్త మోడళ్లు కొన్నింటిలో మైక్రో యూఎస్‌బీ గాని, టైప్-సి గాని ఉంటుంది. వాటికి ఛార్జింగ్ కోసమే చేసిన చవక కేబుల్ వాడితే లోపల సమాచారం వెళ్లే తీగలే ఉండవు. పియానో వెలుగుతుంది, ల్యాప్‌టాప్ మాత్రం దాన్ని గుర్తించదు.

మంచి కేబుళ్లు అన్ని ఊళ్లలోనూ దొరకవు. మన వైపు వారు పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లి, ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లో కొనుక్కోవడం పాత అలవాటే. అలా వెళ్లేవారు రెడీమేడ్ కేబుల్ కంటే మంచి జాకులు, మీటర్ల లెక్కన షీల్డెడ్ వైరు కొని, తెలిసిన మెకానిక్ చేత టంకం పెట్టించుకోవడం మేలని నా అభిప్రాయం. జాక్ విప్పి మరమ్మతు చేసుకునే వీలు అప్పుడే ఉంటుంది.

రెండవ అడుగు: ధ్వనిని మిక్సరుకు లేదా ఆంప్లిఫయరుకు పంపడం

లైన్ అవుట్‌లు రెండు ఉన్న పియానో అయితే రెండు మోనో పీ-38 వైర్లు తీసుకుని, ఎడమ, కుడి రంధ్రాల నుంచి మిక్సరులో పక్కపక్క ఉన్న రెండు ఛానళ్ల లైన్ ఇన్‌లకు కలిపి, ఒక ఛానల్ పాన్ నాబ్‌ను (ధ్వనిని ఎడమ, కుడి స్పీకర్ల మధ్య జరిపేది) పూర్తిగా ఎడమకు, రెండవదాన్ని పూర్తిగా కుడికి తిప్పాలి. స్పీకర్లు మోనోగా నడుస్తున్న చోట, అంటే మన మందిరాల్లోనూ పాఠశాలల్లోనూ ఎక్కువగా కనిపించే పీఏ (సభలకు మైకు, స్పీకర్లు నడిపే) ఆంప్లిఫయర్ల వద్ద, రెండు వైర్లు అక్కరలేదు. ఎడమ రంధ్రం పక్కన మోనో అని కూడా రాసి ఉంటే, దానికొక్కదానికే వైరు పెట్టినప్పుడు పియానో తనంతట తాను రెండు వైపుల ధ్వనినీ కలిపి పంపుతుంది. రెండు అవుట్‌లనూ ఒకే వై-వైరుతో కలిపి ఒక రంధ్రంలోకి పంపడం మాత్రం చేయకూడదు. ఒక అవుట్ రెండవ అవుట్‌కు ఎదురు నెడుతుంది, ధ్వని వికృతమవుతుంది.

హెడ్‌ఫోన్ రంధ్రం ఒక్కటే ఉన్న పియానో దగ్గర జరిగే పొరపాటు ఒకటుంది. రెండు చివరలా స్టీరియో పీ-38 ఉన్న వైరు తీసుకుని ఒక చివర హెడ్‌ఫోన్ రంధ్రంలో, రెండవ చివర మిక్సరు ఛానల్‌లో పెడతారు. చూడటానికి రెండు చివరలూ చక్కగా అమరుతాయి. కానీ మిక్సరులోని ఆ రంధ్రం బ్యాలెన్స్‌డ్ రకం. జాక్ కొన మీద వచ్చే సంకేతం నుంచి మధ్య వలయం మీద వచ్చే సంకేతాన్ని తీసివేసి, మిగిలినదాన్ని మాత్రమే స్పీకరుకు పంపుతుంది. పియానో ఆ కొన మీద ఎడమ ధ్వనిని, వలయం మీద కుడి ధ్వనిని పంపుతోంది కనుక రెండింటిలో సమానంగా ఉన్నదంతా రద్దవుతుంది. ఫలితంగా మంద్ర స్వరాలు మాయమై, పియానో ఎక్కడో బావిలోంచి మోగుతున్నట్టు పలచగా వినిపిస్తుంది. స్పీకరు పోయిందనో, పియానో పాడయిందనో అనుకునే సందర్భాల్లో ముందుగా ఈ వైరునే అనుమానించాలి.

దీనికి సరైన పరిష్కారం ఒక చివర స్టీరియో పీ-38, రెండవ చివర రెండు మోనో పీ-38లు ఉన్న వైరు. స్టీరియో చివర పియానోకు, మోనో చివరలు రెండూ మిక్సరులోని రెండు ఛానళ్లకు వెళతాయి. మోనో జాక్‌ను నేరుగా హెడ్‌ఫోన్ రంధ్రంలో దూర్చడం కూడా మంచిది కాదు, ఎందుకంటే కుడి వైపు అవుట్ అప్పుడు గ్రౌండుకు కలిసిపోతుంది. చాలా పియానోలు దాన్ని తట్టుకుంటాయి, అయినా అలవాటుగా చేయకూడదు.

మిక్సరు లేకుండా పీఏ ఆంప్లిఫయర్ మాత్రమే ఉన్న చోట, పియానోను మైక్ రంధ్రంలో కాక ఆక్స్ రంధ్రంలో పెట్టాలి. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. లైన్ అవుట్ నుంచి వచ్చేది అంతకు వందల రెట్లు ఉంటుంది. మైక్ రంధ్రంలో పెడితే వాల్యూమ్ ఎంత తగ్గించినా ధ్వని పగిలినట్టు గరగరలాడేది అందుకే. ఆక్స్ రంధ్రం సాధారణంగా ఆర్‌సీఏ రకం (పాత టీవీల వెనుక ఎరుపు, తెలుపు రంగుల్లో ఉండేది) కాబట్టి పీ-38 నుంచి ఆర్‌సీఏకు మారే వైరును వెంట ఉంచుకోవాలి. గోడల మీద హారన్ స్పీకర్లు బిగించిన చోట పియానో అడుగు స్వరాలు వినిపిస్తాయని మాత్రం ఆశించవద్దు. పియానోలో అట్టడుగు మీట 27.5 హెర్ట్జ్‌ల వద్ద ఉంటుంది. హారన్లు మాటకు పనికివచ్చే శ్రేణినే పలికిస్తాయి. అక్కడ ఎడమ చేతిని ఒక ఆక్టేవ్ పైకి జరిపి వాయించడం ఏ ఈక్వలైజరు కన్నా బాగా పనిచేస్తుంది.

మిక్సరు వేదికకు దూరంగా, హాలు చివర ఉంటే పీ-38 వైరును అంత దూరం లాగకూడదు. అయిదారు మీటర్లు దాటితే ఆ వైరు ఏరియల్‌గా మారి చుట్టుపక్కల రొదనంతా పోగుచేస్తుంది. పియానో పక్కనే ఒక డీఐ బాక్సు (పియానో సంకేతాన్ని బ్యాలెన్స్‌డ్ రకానికి మార్చే చిన్న పెట్టె) పెట్టి, అక్కడి నుంచి కానన్ వైరు లాగితే హాలు ఎంత పొడవున్నా ఇబ్బంది ఉండదు. పాసివ్ డీఐ బాక్సుకు కరెంటు అవసరం లేదు. యాక్టివ్ రకానికి బ్యాటరీ గాని, మిక్సరు నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవరు గాని కావాలి. డీఐ బాక్సు లేకుండా కానన్ నుంచి పీ-38కు మారే వైరుతో పియానోను కలిపినప్పుడు మాత్రం ఆ ఛానల్‌లో ఫాంటమ్ పవరు ఆపి ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే ఆ వోల్టేజీ పియానో అవుట్ మీదికి వస్తుంది.

స్థాయి సరిచేయడానికి, పియానో వాల్యూమ్‌ను ముప్పాతిక వంతు దగ్గర ఉంచి, కార్యక్రమంలో వాయించబోయే అత్యంత బలమైన భాగాన్నే వాయిస్తూ మిక్సరు గెయిన్‌ను (లోపలికి వచ్చే సంకేతాన్ని పెంచే నాబ్) ఎర్ర దీపం వెలగని మేరకు పెంచాలి. ఒక్కొక్క మీటను మెల్లగా నొక్కుతూ స్థాయి చూస్తే, అసలు కార్యక్రమంలో రెండు చేతులూ పడగానే ధ్వని పగులుతుంది.

హమ్మింగ్ వస్తే

మన కరెంటు 50 హెర్ట్జ్‌లది. అది ధ్వని మార్గంలోకి చొరబడితే నిరంతరంగా ‘హూం’ అని మోగుతుంది. రెండు పరికరాలు వేర్వేరు ప్లగ్గుల నుంచి ఎర్త్ తీసుకుంటూ, మళ్లీ ధ్వని వైరు ద్వారా కూడా ఒకదానికొకటి కలిసినప్పుడు ఏర్పడే వలయమే (గ్రౌండ్ లూప్) చాలాసార్లు దీనికి కారణం. అందుచేత పియానో, మిక్సరు, ల్యాప్‌టాప్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి నడపాలి. సీరియల్ లైట్లు, డిమ్మర్లు ఉన్న లైన్ మీద వాటిని పెట్టకూడదు. పియానో యూఎస్‌బీతో ల్యాప్‌టాప్‌కూ, ధ్వని వైరుతో మిక్సరుకూ కలిసి ఉన్నప్పుడు సన్నని కీచుమోత వస్తే, ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడిపి చూడాలి. మోత ఆగితే కారణం తెలిసినట్టే. అప్పుడు డీఐ బాక్సు మీదున్న గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వేయడమో, గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టడమో చేయాలి. మూడు పిన్నుల ప్లగ్గులోంచి ఎర్త్ పిన్ను పీకేసే పద్ధతి కొందరికి అలవాటు. హమ్మింగ్ ఆగవచ్చు, కానీ ఆంప్లిఫయరులో ఏదైనా లీకేజీ ఉంటే ఆ కరెంటు మైకు పట్టుకున్న మనిషి ద్వారా వెళుతుంది. వాన పడి నేల తడిసిన పందిళ్లలో ఇది ప్రాణాంతకం.

మూడవ అడుగు: మరో కీబోర్డుకు, ఆక్టాప్యాడ్‌కు మిడి కలపడం

మిడి ప్రమాణం 1983లో వచ్చింది. ఆ ఏడాది జనవరిలో అమెరికాలో జరిగిన వాద్య పరికరాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ సంస్థ ప్రాఫెట్-600ను, రోలాండ్ సంస్థ జూపిటర్-6ను (రెండూ సింథసైజర్ కీబోర్డులే) ఒకే కేబుల్‌తో కలిపి, ఒకదాని మీద వాయిస్తే రెండవది పలకడం చూపించారు. అప్పటి అయిదు పిన్నుల గుండ్రని కనెక్టరు ఈనాటికీ వాడుకలో ఉండటం ఎలక్ట్రానిక్స్ లోకంలో అరుదైన విషయం. దాని వేగం సెకనుకు 31,250 బిట్లు మాత్రమే. ఒక స్వరం సందేశం వెళ్లడానికి సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. మన చెవికి ఆ ఆలస్యం తెలియదు. కేబుల్ పొడవు 15 మీటర్లు దాటకూడదు. రిసీవ్ చేసుకునే పరికరంలో సంకేతం ఒక చిన్న కాంతి భాగం గుండా వెళుతుంది గనుక అయిదు పిన్నుల మిడి వల్ల హమ్మింగ్ రాదు.

మంచి బరువైన మీటలున్న పియానో మీద వాయిస్తూ, ఇండియన్ టోన్లున్న అరేంజరు కీబోర్డు (తాళం, తోడు వాద్యాలు తానే వాయించేది) లోని వేణువునో షెహనాయినో పలికించాలంటే, పియానో మిడి అవుట్ నుంచి కీబోర్డు మిడి ఇన్‌కు కేబుల్ కలపాలి. అవుట్ ఎప్పుడూ ఇన్‌కే వెళ్లాలి. తర్వాత పియానో పంపే ఛానల్, కీబోర్డు వినే ఛానల్ ఒకటే అయ్యేలా సరిచేయాలి. మొత్తం 16 ఛానళ్లుంటాయి. కీబోర్డుకు మిడి త్రూ కూడా ఉంటే, ఇన్‌లోకి వచ్చిన సందేశాన్ని అది యథాతథంగా మూడవ పరికరానికి దాటిస్తుంది. ధ్వని మాత్రం మిడి కేబుల్‌లో రాదు కాబట్టి కీబోర్డు నుంచి మిక్సరుకు ప్రత్యేకంగా వైరు కలపక తప్పదు.

ఆర్కెస్ట్రాల్లో కర్రలతో వాయించే ఎలక్ట్రానిక్ తాళవాద్యమైన ఆక్టాప్యాడ్‌కు మిడి అవుట్, పియానోకు మిడి ఇన్‌తో పాటు జనరల్ మిడి డ్రమ్ కిట్ ఉన్నప్పుడు, ప్యాడ్ మీది దెబ్బలతో పియానోలోని డ్రమ్ముల్ని మోగించవచ్చు. ప్యాడ్ పంపే ఛానల్‌ను 10కి మార్చాలి, ఎందుకంటే 1991లో వచ్చిన జనరల్ మిడి ప్రమాణం ప్రకారం తాళవాద్యాల స్థానం అదే. వేరే ఛానల్ మీద పంపితే డ్రమ్ము దెబ్బకు బదులు పియానో స్వరం మోగుతుంది.

రెండు వాద్యాలకూ చతురస్రపు యూఎస్‌బీ మాత్రమే ఉంటే వాటిని నేరుగా కలపడం కుదరదు. రెండూ కంప్యూటరు వంటి యజమాని కోసం ఎదురుచూసేవే. ఏ అడాప్టరు తగిలించినా వాటి మధ్య మాట నడవదు. నడుమ ల్యాప్‌టాప్ గాని, యూఎస్‌బీ మిడి హోస్ట్ బాక్సు గాని ఉండాలి. కొనేముందు అయిదు పిన్నుల మిడి ఉందో లేదో చూసుకోమని నేను చెప్పేది ఇందుకే; దుకాణంలో ఎవరూ దాని ఊసెత్తరు.

నాలుగవ అడుగు: ల్యాప్‌టాప్

పియానో టు హోస్ట్ నుంచి ల్యాప్‌టాప్‌కు కేబుల్ కలిపితే ఇప్పటి పియానోలు చాలావరకు డ్రైవరు అవసరం లేకుండానే గుర్తింపు పొందుతాయి. ఆ తర్వాత రికార్డింగ్ సాఫ్ట్‌వేరులోని మిడి సెట్టింగుల్లో పియానో పేరును ఎంచుకుని, ఒక ట్రాకును రికార్డుకు సిద్ధం చేసి వాయించాలి. ఉచితంగా దొరికే మ్యూజ్‌స్కోర్‌లో అయితే నొక్కిన మీటలు స్టాఫ్ నొటేషన్‌గా, అంటే అయిదు గీతల స్వరలిపిగా పడతాయి.  

ఇక్కడ రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది, ఒక మీట నొక్కితే రెండు ధ్వనులు రావడం. పియానో తన ధ్వనిని తాను పలికిస్తుంది, సాఫ్ట్‌వేరు అదే సందేశాన్ని తిరిగి పియానోకు పంపి మళ్లీ పలికిస్తుంది. పియానో మెనూలో లోకల్ కంట్రోల్‌ను ఆఫ్ చేస్తే మీటలకూ పియానో ధ్వనికీ మధ్య లింకు తెగి, సాఫ్ట్‌వేరు నుంచి వచ్చినది మాత్రమే మోగుతుంది. పని అయిపోయాక దాన్ని తిరిగి ఆన్ చేయాలి. లేకపోతే మరునాడు ఏ మీట నొక్కినా మోత రాక, పియానో చెడిపోయిందని ఇంట్లోవారు కంగారుపడతారు.

రెండవది ఆలస్యం. సాఫ్ట్‌వేరులోని పియానో ధ్వనులతో వాయించేటప్పుడు మీట నొక్కిన తర్వాత కాస్త ఆగి మోగితే లయ నిలవదు. సెకనుకు 44,100 శాంపిళ్ల వద్ద బఫర్ (ధ్వనిని పంపేముందు పోగుచేసుకునే శాంపిళ్ల సంఖ్య) 128 ఉంటే ఆలస్యం సుమారు 3 మిల్లీసెకన్లు, 1024 ఉంటే 23 మిల్లీసెకన్లు. డ్రైవరు, ఇతర దశలు దీనికి మరికొంత కలుపుతాయి. విండోస్‌లో మామూలు సౌండ్ డ్రైవరుకు బదులు ఆలస్యం తక్కువగా ఉండే ఏసియో డ్రైవరు ఎంచుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. మ్యాక్‌లో ఈ బాధ తక్కువ.

పియానో సొంత ధ్వనినే రికార్డు చేయాలంటే మిడి చాలదు. కొన్ని పియానోలు యూఎస్‌బీ ద్వారా ధ్వనిని కూడా పంపుతాయి. లేనివాటికి ఆడియో ఇంటర్‌ఫేస్ (ధ్వనిని కంప్యూటరుకు అందించే పెట్టె) కొని, లైన్ అవుట్‌లను దాని లైన్ ఇన్‌లకు కలపాలి. ల్యాప్‌టాప్ మీదున్న ఈపీ రంధ్రం ఇప్పుడు ఎక్కువగా హెడ్‌సెట్ కోసం చేసినది. అందులో మైకు భాగం మోనో, దాని నాణ్యత రికార్డింగుకు పనికిరాదు.

ఫోన్, ట్యాబ్లెట్

ఆండ్రాయిడ్ ఫోన్లకు 2015లో వచ్చిన 6.0 నుంచి మిడి సదుపాయం ఉంది. ఓటీజీ అడాప్టరు పెట్టి పియానో యూఎస్‌బీ కేబుల్ కలిపితే చాలు. ఐఫోన్ 15 నుంచి టైప్-సి ఉంటుంది, పాత వాటికి లైట్నింగ్ నుంచి యూఎస్‌బీకి మారే కెమెరా అడాప్టరు కావాలి. బ్లూటూత్ మిడిని సాధారణంగా ఫోన్ సెట్టింగుల్లో కాక, వాడే యాప్ లోపలే జతచేయాలి. బ్లూటూత్ ఆడియో, బ్లూటూత్ మిడి రెండూ వేరు. ఆడియో కోసం బ్లూటూత్ స్పీకరుకు కలిపి వాయించడం సాధ్యమే గాని, సెకనులో పదో వంతు లేదా అంతకు మించి ఆలస్యమవుతుంది కాబట్టి వాయించేవారికి అది బొత్తిగా పనికిరాదు. పాట వినడానికి సరిపోతుంది.

తంబూరా, శ్రుతి

పియానోకు ఆక్స్ ఇన్ ఉంటే రాడెల్ వంటి ఎలక్ట్రానిక్ తంబూరాను గాని, ఫోన్‌లోని తంబూరా యాప్‌ను గాని ఈపీ వైరుతో దానికి కలిపి, పియానో స్పీకర్లలోనే వినవచ్చు. ఆ ధ్వని వాల్యూమ్‌ను తంబూరా మీదే తగ్గించుకోవాల్సి రావచ్చు. పియానో శ్రుతి సాధారణంగా 440 హెర్ట్జ్‌ల ప్రమాణం మీద స్థిరంగా ఉంటుంది కాబట్టి, తంబూరా ఫైన్ ట్యూనింగ్‌నే దానికి సరిపెట్టాలి. ఒకటో శ్రుతి సి, ఒకటిన్నర సి షార్ప్, రెండో శ్రుతి డి అన్న లెక్కతో మొదలుపెట్టి, తర్వాత చెవితో సవరించుకోవాలి. పాడేవారి కోసం పియానోలో ట్రాన్స్‌పోజ్ (శ్రుతిని పైకో కిందికో జరిపే సదుపాయం) వాడుతున్నప్పుడు, మిడి ద్వారా కలిసిన రెండవ కీబోర్డుకు కూడా ఆ మార్పు వెళుతోందో లేదో ఒక్క స్వరం నొక్కి సరిచూసుకోవాలి. ఇది మోడల్‌ను బట్టి మారుతుంది.

కరెంటు, వరుస, తీరప్రాంతపు గాలి

వైర్లన్నీ పరికరాలు ఆపి ఉన్నప్పుడే కలపాలి. ఆ తర్వాత పియానో, దాని వెనుక మిక్సరు, అన్నిటికన్నా చివర ఆంప్లిఫయర్ ఆన్ చేయాలి. ఆపేటప్పుడు ఆంప్లిఫయర్ ముందు. ఈ వరుస తప్పితే వచ్చే ‘డబ్’ మన్న దెబ్బ స్పీకరు కాయిల్‌కు హాని చేస్తుంది. పియానో ఆన్ చేసేటప్పుడు సస్టెయిన్ పెడల్ మీద కాలు ఉండకూడదు. కొన్ని మోడళ్లు ఆ క్షణంలోనే పెడల్ దిశను గుర్తిస్తాయి, అప్పుడు కాలు ఉంటే పెడల్ తలకిందులుగా పనిచేస్తుంది. జనరేటరు మీద నడిచే కార్యక్రమాల్లో, జనరేటరు మారేటప్పుడు వచ్చే ఎగుడుదిగుడు వోల్టేజీకి అడాప్టరు బలికాకుండా పియానోకు చిన్న యూపీఎస్ పెట్టడం మంచి ఖర్చు. అడాప్టరు పోతే వోల్టేజీతో పాటు పిన్ను మధ్య భాగం ప్లస్సా మైనస్సా అన్నది కూడా పాతదానితో సరిచూసి కొనాలి.

మైపాడు, కొత్తపట్నం, కృష్ణపట్నం వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో జాకుల మీద సన్నని పొర పట్టి, కదిలిస్తే గరగరమనే జబ్బు త్వరగా వస్తుంది. వాడని రంధ్రాల్లో దుమ్ము మూతలు పెట్టి, ఈశాన్య రుతుపవనాలు వచ్చే అక్టోబరు ముందు ఒకసారి, తగ్గాక మరొకసారి జాకులను కాంటాక్ట్ క్లీనరుతో తుడవాలి. క్లీనరును జాక్ మీద చల్లి, రంధ్రంలో నాలుగైదు సార్లు పెట్టి తీయాలి తప్ప నేరుగా పియానో రంధ్రంలోకి చల్లకూడదు. వైర్లను మోచేతికి బిగించి చుడితే లోపలి తీగ మెలితిరిగి తెగుతుంది కనుక, వదులుగా పెద్ద వలయాలుగా చుట్టి, ఏ వైరు దేనిదో ఒక్కొక్కదానికి కాగితపు చీటీ అంటించి పెట్టుకోవాలి.